పని అన్న గడి

“నీకెలాగూ పగలంతా ఖాళీయేగా, రికార్డుల ఆఫీసుకెళ్లి మా ముత్తాత సంగతి తేల్చుకురా” అన్నాడు భర్త, ఇస్త్రీ చొక్కా కోసం చెయ్యి చాపుతూ. చొక్కా అందించి, పొంగబోతున్న పాలు దించి, అత్తగారికి మాత్రలిచ్చి, అప్పుడు బయల్దేరింది ఆ ఖాళీ మనిషి. వంశవృక్షం అచ్చువేయించాలని అతని సరదా. పెద్ద అట్ట మీద ఆమె చేత గడులు గీయించి, ఒక్కొక్కరికీ పేరు, సంబంధం, పని రాయిస్తున్నాడు. అన్నిటికన్నా కింద ‘సేకరణ’ అని తన పేరు మాత్రం ముందే తనే రాసుకున్నాడు.

ఆఫీసులో ముసలి గుమాస్తా ఆమెకి కిటికీ పక్క కుర్చీ చూపించాడు. “ఇక్కడ కూర్చోండమ్మా, వెలుతురుంటుంది. ఈ పుస్తకాల్లో వాళ్లు ఎక్కడికీ పారిపోరు, తొందరేం లేదు” అంటూ భూతద్దం తుడిచి మరీ ఇచ్చాడు. తొందరేం లేదన్న మాట విని ఎన్నేళ్లయిందో ఆమెకే గుర్తులేదు.

అట్ట మీద ముత్తాతకి ఒక్కతే భార్య, గొప్పింటి పిల్ల. ఆవిడకే భర్త తాతయ్య పుట్టాడని ఇంట్లో అందరూ చెప్పేది. పెళ్లిళ్ల రిజిస్టరు అలా చెప్పలేదు. ఆవిడ పోయిన రెండేళ్లకి ముత్తాత మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. పెళ్లికూతురిది మూడక్షరాల పేరు, పక్కన వేలిముద్ర. తాతయ్య పుట్టింది ఆ మరుసటి ఏడాది. మరి ఈ మనిషి ఏమైపోయింది? జనాభా లెక్కల పుస్తకం తిప్పితే అదే ఇంట్లో, అందరికన్నా చివర, అదే పేరు. సంబంధం అన్న గడిలో ‘వంటమనిషి.’ లెక్కలవాళ్లు వచ్చినప్పుడు ఇంటిపెద్ద ఏది చెబితే అదే రాస్తారు మరి. ముత్తాత వీలునామాలోనూ అదే తంతు: ‘ఇంట్లో వండిపెట్టే ఆవిడ బతికినన్నాళ్లు వెనక గదిలో ఉండవచ్చు.’

‘వంటమనిషి’ అన్న గడి మీద భూతద్దం మళ్లీ పెట్టి చూసింది. మొన్న భర్త స్నేహితులొచ్చి, మీ ఆవిడేం చేస్తుందని అడిగితే, “ఏం చెయ్యదు, ఇంట్లోనే” అన్నాడు. అందరూ ఆమె పెట్టిన టీ తాగుతూ తలలూపారు.

“పదేళ్ల తర్వాతిది కూడా చూడండి” అని గుమాస్తా ఇంకో పుస్తకం దించాడు. ఆ పేజీ దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. ఆ రోజు ముత్తాత ఊళ్లో లేడు. జవాబులిచ్చింది ఆవిడే అని పైన రాసుంది. సంబంధం: భార్య. పని అన్న గడి మాత్రం ఆవిడ మాటలకి చాల్లేదు. ‘వంట. బావి నీళ్లు. నలుగురు పిల్లలు. రెండు ఆవులు. మంచాన పడ్డ అత్త. విత్తనాలు దాచడం. ఇంటిల్లిపాదికీ బట్టలు కుట్టడం...’ ఆ లెక్కలాయన ఒక్క మాటా వదల్లేదు. అక్షరాలు చిన్నవి చేసుకుంటూ పక్క గడిలోకీ, అక్కణ్ణుంచి కాగితం అంచుదాకా రాసుకుంటూ పోయాడు. గుమ్మంలో నిలబడి ఒక ఆడమనిషి చెబుతుంటే, ఇక చాల్లే అనకుండా చివరిదాకా విన్నాడు! తర్వాత ఏ పై అధికారో అదంతా ఎర్రసిరాతో కొట్టేసి ‘ఏమీ లేదు’ అని రాశాడు. అయినా ఎర్రగీత కింద నల్లసిరా నిగనిగలాడుతూనే ఉంది. ఆమె, ఎక్కడ చెరిగిపోతుందో అన్నట్టు వేలు ఆనించకుండా, ఒక్కో మాటా చదువుకుంది.

“ముప్పై ఏళ్లుగా ఇక్కడున్నా, ఇలాంటి గడి చూళ్లేదమ్మా” అన్నాడు గుమాస్తా, కళ్లజోడు తీసి చేత్తో పట్టుకుని.

ఇంటికొచ్చి చెబితే భర్త నవ్వేశాడు. “వంటావిడ మా ముత్తవ్వేంటి? నలుగురూ నవ్వరూ? పాతదే ఉంచు, రేపు ప్రెస్సుకివ్వాలి” అని గదిలోకి వెళ్లిపోయాడు.

మంచం మీంచి అత్తగారు, “ఆవిడ పనేదో రాశారన్నావే, అది ఇంకోసారి చెప్పు” అంది.

చెప్పింది.

“ఆవుల మాటా రాశాడా?”

“రాశాడత్తయ్యా.”

అత్తగారు మోచెయ్యి ఆనించి కాస్త లేచింది. “మా మామగారు, అదే, మీ ఆయన తాత, పోయేదాకా ఆ వెనక గదికి తాళం వెయ్యనివ్వలేదు. వాళ్లమ్మ గదన్నమాట. రాయవే, వాడి మొహం, వాడికేం తెలుసు!”

ముత్తాత పక్కన ఆ మూడక్షరాల పేరు రాసింది. ఆవిడ పని మొత్తం రాసింది. తర్వాత, ‘కోడలు’ అన్న ఒక్క మాటతో అడుగున వదిలేసిన తన గడిలో పేరు రాసి, పని దగ్గర మొదలుపెట్టింది.

“ఇంకా ఎంతసేపూ?” గదిలోంచి భర్త కేక.

“గడి చాలట్లేదండీ” అంది, కిందనున్న ‘సేకరణ’ మీదికి రాసుకుంటూ పోతూ.