పుణ్యపత్రం మీద పేరు

ఆ పేజీ తయారుచేసినవాడు పరాయివాడు కాదు. మా మధ్యే పెరిగి, మా వాళ్ళు దానం చేశాక ఏం చేస్తారో కళ్ళారా చూసినవాడు. లేకపోతే అంత సరిగ్గా ఎర వెయ్యలేడు.

మాకు దానం చెయ్యడంతో పని అయిపోదు. చేశామని పైకి చెప్పాలి, పోయినవాళ్ళకీ ఉన్నవాళ్ళకీ ఆ పుణ్యం పంచాలి, విన్నవాళ్ళు మూడుసార్లు ‘సాధు’ అనాలి. అప్పుడే అది దానం. విహారానికి ఒక విసనకర్ర ఇచ్చినా పత్రం రాయించుకుని గోడకి తగిలించే జనం మేము. అలాంటి జనాన్ని మూడేళ్ళుగా నోరు మూసుకుని దానం చెయ్యమన్నాం. సైన్యం గద్దెనెక్కాక సమ్మె చేసి ఉద్యోగాలు పోగొట్టుకున్న ఇళ్ళకి బియ్యం కొనివ్వడం నేరమైపోయింది మరి.

హ్లైంగ్ తాయా అనే మా ఫ్యాక్టరీల పేటలో ఆ బియ్యం దో ఒన్ షిన్ చేతి మీదుగా నడిచేది. ‘దో’ అనేది పెద్దావిడలకి పేరు ముందు పెట్టే గౌరవం. అరవై దాటిన మనిషి, బజారు మొగలో కొట్టు పెట్టి, చేపల చారులో సేమ్యా వేసిన మోహింగా అమ్ముతుంది. బ్యాంకు ఖాతాలో అలాంటి డబ్బు పడితే ముందు ఖాతా మూతపడుతుంది, తర్వాత మనిషి కనపడదు. అందుకని బాంకాక్‌లో, సింగపూర్‌లో పనిచేసే మా వాళ్ళు క్రిప్టో పంపేవాళ్ళు. అది ఆమె ఫోన్‌లో పడేది. ఖాతా నంబరు లాంటి ఆ అడ్రస్ ఎవరిదో పంపేవాళ్ళకి కూడా తెలీదు. నాకూ, ఈ పనిలో నాతో ఉన్న సితూకీ తప్ప. బయటపడితే ఆమెని పట్టుకుపోతారు, అరవై ఇళ్ళలో పొయ్యి వెలగదు.

ఆమెకి ఫోన్ నేర్పింది నేనే. ఏడో క్లాసులో బడి మానేసి బట్టల ఫ్యాక్టరీలో కత్తెర పట్టినదాన్ని. నాకు తెలిసిందంతా దెబ్బలు తిని నేర్చుకున్నదే. పన్నెండు రహస్య పదాలుంటాయి, అవి చెప్తే డబ్బు పోతుంది, భిక్షువే వచ్చి అడిగినా చెప్పకు అన్నాను. ఆమె వాటిని ఎక్కడా రాసుకోలేదు. పొద్దున్నే చేపలు ఉడికిస్తూ సూత్రం చదివినట్టు గొణుక్కుని కంఠతా పట్టింది. నా శిష్యురాలని విర్రవీగాను. దొంగ సంగతి నేర్పాను. వేటగాడి సంగతి నేర్పలేదు.

వానల మొదట్లో ఒక పొద్దున కొట్టుకి వెళ్తే, గరిటె పక్కన పెట్టి ఫోన్ చూపించింది.

“ఇలా రావే ఖైంగ్. పన్నెండు పదాలు అడగలేదు, పేరడగలేదు, డబ్బడగలేదు. నీ లాగా కసరను కూడా కసరలేదు.”

ఒక వెబ్ పేజీ. బంగారు రంగు అంచు, మధ్యలో పగోడా. ‘మీ దానం చేరిందో లేదో చూసుకోండి. పుణ్యం పంచుకోండి. పేరు అవసరం లేదు.’ అడ్రస్ పెడితే వచ్చిందీ పోయిందీ కనిపిస్తుంది, ఒక్కోదానికీ గంట మోగుతుంది. ఏ వారం నాడు పుట్టారో నొక్కితే పగోడాకి ఆ వారం మూలలో దీపం వెలుగుతుంది. పుణ్యం ఎవరికో రాయమంటే పోయిన భర్త పేరు రాసింది, ఏ పేటలో దహనం చేశారో కూడా రాసింది. చచ్చినవాడిని ఏం చేస్తారే అని నవ్వింది.

నిజం చెప్పాలి. ఆ గంట విని నేనూ ‘సాధు’ అన్నాను.

సితు అప్పుడే వచ్చి కూర్చున్నాడు. బ్యాంకు గుమాస్తా, సమ్మెలో ఉద్యోగం పోయింది, రోజూ ఒక గిన్నె మోహింగా అక్కడే తింటాడు. ఫోన్ వైపు చూసి చెంచా కింద పెట్టాడు.

“పెద్దమ్మా, ఇది ఎన్నిసార్లు తెరిచావు?”

“పొద్దునోసారి, సాయంత్రమోసారి. తొమ్మిది రోజులైంది. నువ్వు నా కొట్టుకి ఎన్నిసార్లు వస్తావో నేనడిగానా?”

సితు నవ్వలేదు. గొంతు తగ్గించి చెప్పాడు. ఏ అడ్రస్ నుంచి ఏ అడ్రస్‌కి ఎంత పోయిందో లోకమంతా చూడొచ్చు, అందులో లేనివి మనుషుల పేర్లే. సైన్యానికి కావలసింది అవే. పరాయి అడ్రస్‌ని రోజుకి రెండుసార్లు ఎవరూ చూడరు, చూసేది సొంతదారే. ఏ ఫోన్‌లోంచి, ఏ పేటలోంచి చూశారో ఆ పేజీ పట్టేస్తుంది. ఇక మా పేర్లలో మొదటి అక్షరం పుట్టిన వారాన్ని బట్టే పెడతారు. ఆదివారం అని నొక్కితే అచ్చుతో మొదలయ్యే పేరని చెప్పినట్టే. భర్త పేరుతో దహనాల పుస్తకం తిరగేస్తే మిగతాదంతా దొరుకుతుంది.

“పేరడగలేదన్నావే,” అన్నాడు. “అడగక్కర్లేకుండా చేసుకున్నారు.”

ఆమె చారు కలుపుతూనే, పుణ్యపత్రానికి పటం కట్టించి ఇస్తామని ఆ పేజీలోనే నిన్న కబురు పెట్టారని చెప్పింది. కొట్టు గుర్తులు చెప్పి పదింటిదాకా ఇక్కడే ఉంటానని తనే జవాబిచ్చిందట.

తొమ్మిదీ ఇరవై అయింది.

డబ్బు వేరే అడ్రస్‌కి మార్చేద్దామన్నాను. మారిస్తే ఆ అడ్రస్ వెనకా పడతారు, ముట్టుకోవద్దన్నాడు సితు. అంటే ఆ నెల బియ్యం పోయినట్టే. ఆమె కదలనంది. బియ్యం లేకుండా ఆ పిల్లల మొహాలు ఎలా చూస్తానంది. నాకు ఓపిక లేదు, ఎప్పుడూ లేదు.

“నిన్ను కొడితే ఆ అరవై ఇళ్ళ పేర్లూ నీ నోట్లోంచే వస్తాయి పెద్దమ్మా. లే.”

అంత మాట ఎవరూ అని ఉండరు ఆమెని. లేచింది. సితు ఆమె ఫోన్‌ని రోకలితో నలగ్గొట్టి సంచిలో వేసుకున్నాడు. ఇద్దరూ సైడ్‌కార్ రిక్షా ఎక్కారు. వెళ్తూ కూడా, ఉప్పు తక్కువైంది చూసుకో అంది.

మంట మీద చారు వదిలేసి కొట్టు ఖాళీగా కనిపిస్తే పారిపోయారని చెప్పినట్టే. నేను గరిటె పట్టుకున్నాను.

పదికి ఐదు నిమిషాలుండగా ఒకతను వచ్చాడు. ఉతికిన లుంగీ, తెల్ల చొక్కా, చంకలో కాగితం చుట్టిన పటం. చెప్పులు విడిచి మరీ కూర్చున్నాడు. పెద్దావిడ లేరా అని అడిగాడు. సరుకుకి వెళ్ళిందన్నాను. పరవాలేదని ఒక గిన్నె అడిగి, కాగితం విప్పాడు. బంగారు అక్షరాలు, తామర పూలు. దాత పేరు ఉండాల్సిన చోట ఖాళీ.

“దాతగారి పేరు రాయాలండి,” అన్నాడు, జేబులోంచి పెన్ను తీస్తూ. “తప్పు రాస్తే పుణ్యం తగలదు కదా.”

నాకు తెలీదన్నాను, కూలికి వచ్చానన్నాను. మొహం చారు వైపే ఉంచాను.

పక్క కొట్టు ఉల్లిపాయలావిడ అప్పటికే లేచి వచ్చింది. పటం చూసి ఆమె మొహం వెలిగిపోయింది. ఇరవై ఏళ్ళుగా పక్కపక్కనే అమ్ముకుంటున్నవాళ్ళు. కనుసైగ చేశాను. చూడలేదు.

“దో ఒన్ షిన్ అని రాయండి బాబూ. ఇంత మంచి మనిషి ఈ బజారులో ఇంకొకరు లేరు. ఇల్లు మూడో సందులో.”

అతను ఒక్కో అక్షరం గుండ్రంగా రాశాడు. సిరా ఆరేదాకా ఊదాడు. గిన్నె ఖాళీ చేసి, చాలా బాగుందని మెచ్చుకుని వెళ్ళాడు.

పెద్దమ్మ దొరకలేదు. ఈ మాట రాసే వేళకి దొరకలేదు. మూడో సందులో ఆ ఇంటికి సీలు వేశారు. ఉల్లిపాయలావిడని రెండు రోజులు స్టేషన్‌లో కూర్చోబెట్టి పంపించారు, ఇప్పుడు నాతో మాట్లాడదు. ఆ అరవై ఇళ్ళకి బియ్యం సగం కూడా అందడం లేదు. నేను సందు సందుకీ తిరిగి చెప్తున్నాను. నీ అడ్రస్‌ని నువ్వు చూసుకోవడం కూడా అది నీదని చెప్పుకోవడమే అని. తలూపుతారు.

ఆ పేజీ ఇంకా ఉంది. నిన్న మధ్యాహ్నం మా మేనత్త దాన్ని నాకు పంపించింది. కింద రాసింది, పోయిన మీ నాన్న పేరు రాసి ఆయనకీ పుణ్యం పంచానే అని.