రెక్క లోపల

హ్యాంగర్‌లో ఆమెను అందరూ పిచ్చుక అనే పిలిచేవారు. పొట్టిగా, సన్నగా, ఏ సందులోనైనా ఇట్టే దూరిపోయే మనిషి. ఆ ఒళ్ళే ఆమెకు ఆ ఉద్యోగం తెచ్చిపెట్టింది.

విమానంలో ఇంధనానికి వేరే డబ్బా అంటూ ఉండదు. రెక్క లోపలి బోలే ట్యాంకు. ఎక్కడైనా అతుకు వదులై ఇంధనం ఊరుతోందంటే, ట్యాంకు ఖాళీ చేసి, పెద్ద గొట్టాలతో గాలి కొట్టించి, లోపల ప్రమాదం లేదని మీటరు చూపించాక, రెక్క అడుగునున్న కోడిగుడ్డు ఆకారపు కన్నంలోంచి ఒక మనిషి లోపలికి పాకాలి. అతుకు మీది పాత పూత గీకేసి కొత్త పూత పూయాలి. బయట కన్నం దగ్గర ఇంకో మనిషి కాపలా ఉండి పలకరిస్తూనే ఉండాలి. లోపలి మనిషి పలకడం ఆగితే గంట కొట్టాలి. ఏం జరిగినా కాపలా మనిషి మాత్రం లోపలికి వెళ్ళకూడదు.

ఆ పూట, రోజూ కాపలా ఉండే మనిషి సెలవు పెట్టాడు. బదులుగా అక్కడే పనిచేసే పిచ్చుక మామగారిని పంపించారు. ఆయన్ని చూడగానే ఆమెకు ప్రాణం ఉసూరుమంది.

పెళ్ళయిన రోజు నుంచి మామగారు ఆమెతో ఒక్క మాట మాట్లాడింది లేదు. ఇంట్లో ఉన్నవి రెండే గదులు. ఒకే బల్ల దగ్గర భోజనం. అయినా ఆమె వడ్డిస్తుంటే కొడుకు వైపు తిరిగి “చాలని చెప్పు” అనేవాడు. కొడుకు మొదట్లో నవ్వేవాడు, తర్వాత విసుక్కున్నాడు, చివరికి అదీ మానేసి ఇద్దరి మధ్యా మాటలు చేరవేసే తంతి తీగలా ఉండిపోయాడు.

దానికో కారణం ఉంది. ఆయన ఒకప్పుడు ఆ హ్యాంగర్‌లో పేరు మోసిన తనిఖీదారు. రెక్క మూసెయ్యవచ్చని ఆయన సంతకం పెడితే మళ్ళీ ఎవరూ తొంగి చూసేవారు కాదు. పిచ్చుక పనిలో చేరిన కొత్తల్లో, ఇంకా ఆయన కొడుకు ఎవరో కూడా తెలియని రోజుల్లో, ఒక ట్యాంకులో ఆమె చేతికి టార్చిలైటు తగిలింది. ఆయన సంతకం పెట్టిన ట్యాంకు అది. టార్చి మీద ఆయన గుర్తు ఉంది. ఆమె దాన్ని తీసుకెళ్ళి నేరుగా ఆఫీసులో ఇచ్చింది. లోపల మరిచిన వస్తువు ఏది దొరికినా అలా ఇవ్వాలనే శిక్షణలో నేర్పారు మరి. విమానం ఆగిపోయింది, విచారణ జరిగింది, ఆయన్ని తనిఖీ నుంచి తప్పించి కన్నాల దగ్గర కూర్చోబెట్టారు. ఏడాది తిరక్కుండా ఆ పిల్లే కోడలై ఇంట్లో అడుగుపెట్టింది.

ఆ పొద్దున ఆయన నిబంధన ప్రకారం పిలవలేదు. స్పానరు చివరతో రెక్క మీద ఒకసారి టక్ మనిపించేవాడు. లోపల్నుంచి ఆమె రెండుసార్లు తట్టేది. నోరు విప్పకుండానే పని సాగిపోతోంది కదా అని ఆమె కూడా సర్దుకుంది.

లోపల రెక్క గదులు గదులుగా ఉంటుంది. గదికీ గదికీ మధ్య రేకు గోడ, గోడలో దూరడానికో కన్నం. మొదటి గదిలో పని ముగించి ఆమె రెండో గదిలోకి దూరబోయింది. కుడి చెయ్యి ముందుకు చాచి, ఎడమ చెయ్యి ఒంటికి ఆనించి, తల, భుజాలు పోనిచ్చింది. నడుము దగ్గర ఆగిపోయింది. ముందుకు తోసుకుంది. కదల్లేదు. వెనక్కి లాక్కుంది. తుంటి దగ్గర బట్ట ఎక్కడో పట్టుకుని ఇంకా బిగిసింది. గోడకు అవతల, ఇంధనం గొట్టాన్ని పట్టి ఉంచే కొక్కేనికి ఆమె పనిబట్టల మడత తగులుకుంది. చేతికి అందదు, కంటికి కనబడదు.

మొదట చిరాకు పడింది. తర్వాత రేకు చల్లదనం పొట్టకు తెలిసింది. వీపు మీద పైరేకు, పొట్ట కింద అడుగు రేకు, ముఖానికి గాలి మాస్కు. గట్టిగా ఊపిరి పీలిస్తే వీపు పైకి తగులుతోంది. ఇంకా గట్టిగా పీల్చింది. ఇంకా బిగిసింది. చేసిన పనీ నేర్చుకున్న జాగ్రత్తలూ అన్నీ ఒక్కసారిగా ఎగిరిపోయి, ఈ డబ్బాలోనే పోతానన్న ఒక్క ఆలోచనే మిగిలింది.

బయట టక్ మంది. ఆమె తట్టలేదు. మళ్ళీ టక్, టక్.

“అమ్మాయ్.”

ఆ పిలుపు తనకేనని ఆమెకు వెంటనే తెలియలేదు.

“ఇరుక్కున్నాను మామయ్యా,” అంది. మాస్కులోంచి మాట మూలుగులా వచ్చింది.

గంట మోగింది. బూట్ల చప్పుళ్ళు పరిగెత్తుకొచ్చాయి. సూపర్‌వైజర్ లోపలికి చేతులు పెట్టి ఆమె కాళ్ళు పట్టి లాగాడు. ఆమె అరిచిన అరుపుకు రెక్కంతా మోగింది. మామగారు అతన్ని పక్కకు నెట్టేశాడు. లాగితే బిగుస్తుంది, పక్క గది మూత తెరవండి, అవతలి నుంచి విప్పాలి అని చెప్పాడు. ఆ మూతకు బోలెడు స్క్రూలు, పైగా వాటి మీద పాత రంగు పేరుకుని ఉంది. ఇద్దరు మెకానిక్‌లు స్క్రూడ్రైవర్లు పట్టుకున్నారు. కుదరకపోతే రేకు కొయ్యాలేమో అని సూపర్‌వైజర్ పైకే అన్నాడు. ఆ మాట ఆమె చెవిన పడింది. గాలి అందనట్టు గుండె కొట్టుకోవడం మొదలుపెట్టింది. నిజానికి గాలి గొట్టం బాగానే పనిచేస్తోంది, పీల్చే ఒళ్ళే చోటు చాలక అల్లాడుతోంది.

అప్పుడు మామగారు నిబంధనలో సగం మీరాడు. తల, ఒక భుజం కన్నంలోకి పెట్టి, చెయ్యి చాచి ఆమె కాలి మడమ పట్టుకున్నాడు.

“ఊపిరి వదులు. పీల్చడం గురించి ఆలోచించకు. వదలడమే చూసుకో.”

“మాట్లాడుతూ ఉండండి,” అంది ఆమె ఏడుస్తూ. “ఆపొద్దు. ఏదో ఒకటి మాట్లాడండి.”

ఆయనకు చిక్కొచ్చి పడింది. మూడేళ్ళుగా ఎత్తని గొంతు. కోడలితో ఏం మాట్లాడాలో ఆయనకు తెలియదు. ఎరిగిన సంగతి లోకంలో ఒక్కటే. దాన్నే అందుకున్నాడు.

మనుషులకంటే ముందు పైకి వెళ్ళింది ఎవరో తెలుసా అని అడిగాడు. ఓ గొర్రె, ఓ బాతు, ఓ కోడిపుంజు అని ఆయనే చెప్పాడు. గుడ్డా కాగితమూ కలిపి పెద్ద సంచి చేసి, కింద మంట పెట్టి, వేడి గాలి నింపి, బుట్టలో వాటిని కూర్చోబెట్టి వదిలారట. ముందు ఖైదీలను పంపిద్దామని ఆ దేశపు రాజు అన్నాడట. పైకి పోతే మనిషి బతుకుతాడో లేదో ఎవరికీ తెలియదు కదా. బాతు ఎలాగూ ఎగిరేదే. కోడి రెక్కలుండీ పైకి పోనిది. గొర్రెకు మాత్రం మనకున్నట్టే ఊపిరితిత్తులు.

“పాపం, గొర్రెని ఎవరడిగారు?” అంది ఆమె లోపల్నుంచి.

“ఎవరూ అడగలేదు. నన్ను ఇక్కడ కూర్చోమన్నప్పుడు నన్ను అడిగారా?”

ఆమె నవ్వింది. నవ్వులో ఊపిరి బయటికి పోయి, వీపుకూ రేకుకూ మధ్య కాస్త చోటు మిగిలింది. అది ఆయన చేతికి తెలిసింది. బిగిసిన మడమ సడలింది.

ఆయన ఆపలేదు. బెలూన్లు పైకైతే పోయాయి గానీ గాలి ఎటు తోస్తే అటే పోయేవనీ, ఎక్కినవాడు దిగేచోటు తాను ఎంచుకోలేకపోయేవాడనీ చెప్పాడు. తర్వాతెప్పుడో ఒకాయన వెదురూ గుడ్డా కట్టుకుని దిబ్బ మీంచి దూకుతూ దూకుతూ గాలిలో తేలడం నేర్చుకున్నాడనీ, ఒకరోజు గాలి దెబ్బకు పడి మెడ విరిగి చనిపోయాడనీ చెప్పి, చెప్పకూడని మాట చెప్పానని నాలుక్కరుచుకున్నాడు. అవతల స్క్రూ ఒకదాని తల అరిగిపోయిందని మెకానిక్ తిట్టుకుంటున్నాడు.

అప్పుడు ఆమె అడిగేసింది.

“మామయ్యా, ఆ టార్చి నేను ఇవ్వకుండా ఉండాల్సిందా?”

మడమ మీద చెయ్యి బిగిసింది. వదిలేసి వెళ్ళిపోతాడేమో అనుకుంది ఆమె.

“ఇవ్వాల్సిందే,” అన్నాడు ఆయన. “నాకు ముందు చెప్పుంటే నేనే తీసుకెళ్ళి ఇచ్చేవాణ్ణి. అది నా కడుపులో మంట. దానికీ విమానానికీ సంబంధం లేదు. నువ్విప్పుడు ఊపిరి వదులు.”

ఆమె వదిలింది. ఆయన మళ్ళీ కథలోకి వచ్చేశాడు. సైకిళ్ళు బాగుచేసే అన్నదమ్ములిద్దరు ఇంజను పెట్టి మొదటిసారి విమానం లేపారు. నాలుగైదు ఊపిర్లు తీసేంత సేపే అది గాలిలో ఉంది.

“నడిపినవాడు కూర్చోలేదు తెలుసా. పొట్ట మీద పడుకున్నాడు. నీలాగే. రెక్క తిప్పడానికి చేతులు చాలవని నడుము కింద ఒక చట్రం పెట్టుకున్నాడు. నడుము ఎటు జరిపితే అటు రెక్క మెలి తిరిగేది. నడుముతో నడిపాడమ్మా విమానాన్ని.”

ఆమె ఆ మనిషిని ఊహించుకుంది. అంత గాలిలో, పొట్ట మీద పడుకుని, ముందు ఏముందో తెలియకుండా.

“నీ బట్ట ఏ పక్క పట్టింది?”

“ఎడమ.”

“అయితే ముందుకూ వెనక్కూ వద్దు. ఊపిరంతా వదిలేసి నడుమును ఎడమ పక్కకే జరుపు. కొక్కెం వైపే. దానికి దూరంగా కాదు.”

ఇంతసేపూ ఆమె కొక్కేనికి దూరంగానే గుంజుకుంటోంది. ఇప్పుడు గాలంతా వదిలేసి, పట్టుకున్నదాని వైపే నడుము ఒరిగించింది. ఎముకకు రేకు అంచు గీసుకుంది. బట్ట వదులైంది. ఎడమ చేతి వేళ్ళు రెండు అంగుళాలు పాకి మడతను అందుకున్నాయి. లాగింది. పర్రుమని చిరిగింది.

“వచ్చేసింది,” అంది.

ఆయన ఆమె కాళ్ళు నడిపిస్తూ మెల్లగా బయటికి తెచ్చాడు. కింద నేల మీద కూర్చోబెట్టి మాస్కు తీశారు. హ్యాంగర్ పెద్ద తలుపులు తెరిచే ఉన్నాయి. అయినా ఆమె పైకప్పు వైపు చూడలేకపోయింది.

సూపర్‌వైజర్ మంచినీళ్ళిచ్చి, కాసేపు విశ్రాంతి తీసుకోమన్నాడు. ఇంకో గది పని మిగిలిందనీ, అందులో దూరగలిగేది నువ్వొక్కదానివేననీ, మధ్యాహ్నం చూద్దామనీ మెత్తగా అన్నాడు.

“నేనింక లోపలికి వెళ్ళను,” అంది పిచ్చుక. “ఇవాళే కాదు. ఎప్పుడూ.”

అతను మామగారి వైపు చూశాడు. మీరైనా చెప్పండి అన్నట్టు.

“చెప్పింది కదా,” అన్నాడు ఆయన.

సాయంత్రం స్టాఫ్ బస్సు వచ్చింది. ఆమె ఎక్కి కూర్చుంది. తలుపు బుస్సుమని మూసుకోగానే ముచ్చెమటలు పోశాయి. డ్రైవర్ని ఆపమని దిగిపోయింది. వెనకే ఇంకెవరో దిగిన చప్పుడైంది. ఎయిర్‌పోర్టు కంచె వెంట ఇంటిదాకా చాలా దూరం. మామగారి మోకాళ్ళు బాగోలేవని ఆమెకు తెలుసు. మీరు బస్సులో వెళ్ళండి, నేను నెమ్మదిగా వస్తాను అంది. ఆయన విననట్టే నడక సాగించాడు.

తర్వాత ఆమెను రేకుల విభాగానికి మార్చారు. అక్కడ నిలబడి చేసే పని. మిగిలిన ఆ గదికి ఎక్కడినుంచో ఇంకో సన్నటి పిల్లను తెప్పించారు. ఒకరోజు భోజనాల వేళ పిచ్చుక ఆ పిల్ల పక్కన కూర్చుని, ఇరుక్కుంటే ఎటు జరగాలో చేత్తో చూపించి చెప్పింది. భయంగా ఉంటే వెళ్ళనని చెప్పొచ్చని కూడా చెప్పింది. ఆ పిల్ల తలూపి, నవ్వి, మాస్కు తీసుకుని వెళ్ళిపోయింది.