మొదటి అడుగు లేని టేపు

నూనె వ్యాపారంలో ముందు నేర్చుకోవాల్సింది అమ్మడం కాదు, ధడా కట్టడం. ఖాళీ డబ్బాను కొనేవాడి కళ్లముందే కాటాలో పెట్టి, దాని బరువుకు సరిపడా రెండో తట్టలో రాళ్లు వేసి, ముల్లు నిలిచాకే నూనె పోయాలి. డబ్బాను కూడా నూనె కింద అమ్మేస్తే ఆ పూటకు లాభమే కానీ, ఆ మనిషి మళ్లీ మన గడప తొక్కడు. మా మేనకోడలికి ఎనిమిదేళ్లప్పుడు కొట్లో స్టూలెక్కించి మరీ ఈ సంగతి నేర్పాను. అది తిరిగి నా మీదికే వస్తుందని అప్పుడు లెక్క వేసుకోలేదు.

ఇప్పుడా పిల్ల మా ఊరి కేబుల్ ఛానెల్లో రిపోర్టరు. మూడు నెలలు పని చూసి ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. ఆ గడువు శనివారంతో తీరుతుంది.

గురువారం పొద్దున మా వీధిలో ఒక ఆటో ఇరుక్కుంది. లోపల నొప్పులు పడుతున్న ఆడమనిషి. ఒక పక్క పైపుల కోసం మున్సిపాలిటీ తవ్వి వదిలేసిన గొయ్యి, రెండో పక్క నా గింజల బస్తాలు. బయటపడేసరికి పావుగంట పట్టింది. బిడ్డ ఆస్పత్రి గుమ్మంలోనే పుట్టాడు. తల్లీబిడ్డా క్షేమం. కష్టాలన్నీ మా వీధికే మొదలయ్యాయి.

పదింటికల్లా అవతలి ఛానెల్ రిపోర్టరు దిగాడు. కళ్లజోడు, చేతిలో మైకు.

"కొలవడానికి టేపుందా సార్?"

ఉంది. దాని మొదటి అడుగు తెగిపోయి ఏళ్లయింది. ఏది కొలిచినా వచ్చినదాంట్లోంచి ఒక అడుగు తీసేయాలి. వీధిలో అందరికీ తెలిసిన సంగతే. కళ్లజోడాయనకు తెలియదు, నేను చెప్పలేదు. గొయ్యి ఒక అడుగు ఎక్కువ పలికితే మనకే మంచిది కదా అనుకున్నాను. ఆయన గొయ్యి కొలిచి ఆరడుగులని రాసుకున్నాడు. నేను లోలోపల మురిసిపోతుండగానే గిరుక్కున తిరిగి అదే టేపుతో నా బస్తాలు కొలిచాడు.

"ఐదడుగులు! రోడ్డు మీదికి ఐదడుగులు!"

ఎదురు కొట్లో తాళాలు బాగుచేసే ముసలాయన, మేమందరం తాతా అని పిలిచేవాడు, పకపకా నవ్వాడు. "షావుకారూ, నీ టేపు నీకూ చుట్టం కాదయ్యా!"

ఇప్పుడు నోరు విప్పితే దొంగనవుతాను. విప్పకపోతే ఐదడుగులు మింగినవాణ్ని అవుతాను. రెంటిలో ఏది చవకో తేలక ఊరుకున్నాను.

మధ్యాహ్నం మా పిల్ల వచ్చింది.

"మామయ్యా, టేపివ్వు."

"ఉండు తల్లీ, ముందు బస్తాలు లోపలికి లాగించనీ."

"పొద్దున ఎక్కడున్నాయో అక్కడే ఉండనీ." మోకాళ్ల మీద కూర్చుని కొలిచి, ఒక అడుగు తీసేసి రాసుకుంది. గొయ్యి ఐదు, బస్తాలు నాలుగు.

ఇంతలో ఫోను మోగింది. వాళ్ల ఎడిటరు గొంతు నా గల్లాపెట్టె దాకా వినిపించింది. "‘కర్కశ వ్యాపారులు’ అని మొదటి వాక్యంలోనే పడాలి. పడకపోతే సోమవారం నుంచి నువ్వు రానక్కర్లేదు."

పిల్ల మొహం చిన్నబోయింది. "అనేయవే. రెండు ముక్కలేగా! నాకేం చిల్లు పడదు. మాటకు బరువా పాడా?"

"బరువు లేకపోతే దానికోసం ఆయనెందుకంత పట్టుబడతాడు మామయ్యా?"

బరువు లేని సరుకు కోసం బేరమాడేవాణ్ని నేనూ ఎన్నడూ చూడలేదు. అయినా వదల్లేదు. "సరే, ఆ చేత్తోనే మున్సిపాలిటీని కూడా నాలుగు దులుపు. సరికి సరి."

"రెండు తట్టలనీ చెరో వేలితో నొక్కితే తూకం సరిపోతుందా? నువ్వు నేర్పింది ఇదేనా?" అని చక్కా పోయింది.

సాయంత్రం తాత కొట్లో టీవీ ముందు చేరాం. ముందు అవతలి ఛానెల్ పెట్టాడు. డప్పులు, ఎర్రక్షరాలు. "ఐదడుగుల దురాక్రమణ! పసికందు ప్రాణంతో చెలగాటం!" చిటికెడు సరుకు, గంపెడు పొట్లం.

తర్వాత మా పిల్ల వచ్చింది. గొయ్యి పక్కన నిలబడి మామూలు గొంతుతో చెప్పింది. "వీధి వెడల్పు పదమూడడుగులు. గొయ్యి ఐదు, ఈ కొట్టు సరుకు నాలుగు. మిగిలిన నాలుగడుగుల్లో ఆటో పట్టలేదు. గొయ్యి తవ్వి నలభై రోజులైంది. రేపు వచ్చి చూస్తామని ఇంజినీరు చెప్పారు. బస్తాలు రోడ్డు మీద పెట్టడానికి అనుమతి లేదు." చేతిలో టేపు పైకెత్తింది. "ఈ కొట్టు మా మేనమామది. టేపూ ఆయనదే. దీని మొదటి అడుగు తెగిపోయింది, ఆ అడుగు తీసేసి చెబుతున్నాను. ఈ రెండూ తెలుసుకునే నా వార్తను నమ్మాలో వద్దో చూసుకోండి." టేపు తెగిన కొసను కెమెరాకు చూపించింది.

తాత నా భుజం మీద చరిచాడు. "ఖాళీ డబ్బా కాటా మీద పెట్టేసిందిరోయ్!"

ఎడిటరు అడిగిన ఆ రెండు మాటలు మాత్రం పిల్ల నోట రాలేదు. దాంతో ఎడిటరే తెర మీదికి వచ్చాడు. కింద ‘ఎడిటరు అభిప్రాయం’ అన్న పట్టీ. "కర్కశ వ్యాపారులు" అని ఏడుసార్లన్నాడు. తాత వేళ్లు మడిచి మరీ లెక్కపెట్టాడు. తిట్లు నాకే తగులుతున్నా, నూనె వేరు డబ్బా వేరు చేసి అమ్మినందుకు నాకు కోపం రాలేదు. పిల్ల ఉద్యోగం పోయిందనే దిగులొక్కటే.

శుక్రవారం ఇంజినీరు కొత్త టేపుతో వచ్చి, రెండు ఛానెళ్ల ముందూ కొలిచాడు. ఐదు, నాలుగు. కళ్లజోడాయన నావైపు కొరకొరా చూశాడు. "ఐతే మీ మేనకోడలూ మీరూ కలిసి నన్ను ముంచారా?"

పిల్ల పేరు ఎత్తాక ఇంక చవకా ఖరీదా అని చూసుకోలేదు. "దానికేం సంబంధం లేదు బాబూ. గొయ్యి పెద్దదిగా కనబడాలని నేనే చెప్పలేదు. నా బస్తాలు కూడా పెరుగుతాయని తోచలేదు." ఆయన ఆ మాటను మైకులో మళ్లీ చెప్పించుకున్నాడు. సాయంత్రం ఊరంతా విన్నది. మా ఆవిడ రెండుసార్లు విన్నది.

ఆ రాత్రికే మా పిల్ల ఛానెల్లో ‘అంగుళం తప్పని వార్త’ అని ప్రకటన మొదలైంది. అందులో టేపు పట్టుకుని ఉన్నది మా పిల్లే. ప్రకటనలో బొమ్మను పెట్టుకుని మనిషిని ఎడిటరు ఎలా పంపిస్తాడు? శనివారం ఉద్యోగం ఖాయమైన కాగితం ఇచ్చాడు. ‘అభిప్రాయాలు చెప్పే పని ఎడిటరుదే’ అని అందులో గట్టిగా ఒక షరతు రాశాడట.

"నాకు కావలసిందీ అదే" అంటూ పిల్ల నవ్వుతూ కొట్లోకి వచ్చింది. బస్తాలన్నీ లోపలికి లాగించడంతో పక్కకు తిరిగి, పొట్ట లోపలికి పీల్చి మరీ రావలసి వచ్చింది. టేపు గల్లాపెట్టె మీద పెట్టింది.

"ఇకనైనా కొత్తది కొనుక్కో మామయ్యా."

"ఎందుకే? ఒక అడుగు తీసేయాలని ఇప్పుడు ఊరంతటికీ తెలుసుగా."