నెట్టీకి పాలొచ్చాయి

బకెట్లోంచి గరిటెతో వేడి మాంసపు గంజి గిన్నెల్లో పోసుకుంటూ అర్వో వరస చివరికి వచ్చాడు. మిగతా కుక్కలు గొలుసులు తెంపుకునేలా ఎగురుతున్నాయి. నెట్టీ మాత్రం కంచె గదిలో గడ్డి మీద పడుకునే తోక ఒకసారి ఆడించి ఊరుకుంది. అతను మోకాళ్లు పట్టుకుని కిందికి దిగి, దాని చనుమొన మెల్లగా నొక్కాడు. వేలి మీద పాలచుక్క నిలిచింది. రోజూ ఇదే తంతు. ఇవి ఎక్కడి నుంచి ఊరుతాయో, చూసినకొద్దీ అతనికి వింతే.

మిన్నెసోటా ఉత్తరాన, మంచుబండ్ల కుక్కల్ని పెంచే ఆ దొడ్డిలోనే అర్వో జీవితమంతా గడిచింది. మేత పెట్టడం, పెంట ఎత్తడం, గడ్డి మార్చడం. పందెంలో బండి తోలిన పాపాన పోలేదు. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగితే కుక్కల్ని చూపించి నవ్వేవాడు. గడియ వేయడం మరిచే మనిషి కాదని పేరుండేది. ఈ చలికాలం ఆ పేరు కాస్తా పోయింది.

నెట్టీ జట్టుకు ముందు నడిచే కుక్క. ఎదకొచ్చినప్పుడు దాన్ని మగవాటికి దూరంగా ఈ గదిలో పెట్టి గడియ వేయడం అర్వో పని. కొన్ని వారాలకు దాని పొట్ట పెరిగింది, పాలు పడ్డాయి. యజమానురాలు గ్రెచెన్ మండిపడింది. కడుపుతో ఉన్న కుక్కను బండికి కట్టరు. ఏడాదంతా ఎదురుచూసిన పందేన్ని ఆమె వంటింట్లో కూర్చుని రేడియోలో వింది.

"గడియ వేశావా, లేదా?"

ఎంత తవ్వుకున్నా అర్వోకి గుర్తు రాలేదు. "వేయలేదేమో, అమ్మాయ్." అలా అనేశాక తలుపు బార్లా తెరిచి ఉన్నట్టు కళ్లకు కట్టింది కూడా. అప్పుడు భయం వేసింది. అతని తండ్రికి మతి తప్పడం ఇలాగే మొదలైంది. పని మానేస్తానన్నాడు. ఆమె వద్దనలేదు. ఈరోజు చెల్లెలు వచ్చి తీసుకుపోతుంది.

ఈనేదెప్పుడో చూడమని పిలిస్తే ఆ పొద్దునే పశువుల డాక్టరు వచ్చాడు. పొట్ట మీద యంత్రం అటూ ఇటూ జరిపాడు.

"పిల్లల్లేవు. అసలు కడుపే రాలేదు."

"మరి పాలు?" అన్నాడు అర్వో.

"ఎదకొచ్చాక, మగదాంతో కలిసినా కలవకపోయినా ఆడకుక్క ఒళ్లు ఒకేలా సిద్ధమవుతుంది. కొన్నిటికి ఇలా పాలూ పడతాయి. పిండకండి, పిండితే ఇంకా వస్తాయి."

అర్వో చెయ్యి జేబులో దాచుకున్నాడు.

"రోజూ పిండుతున్నావు కదూ, ముసలోడా!" అంది గ్రెచెన్.

"చూద్దామని..." అని నసిగి, ఉన్నట్టుండి తలెత్తాడు. "అంటే, నేను గడియ వేశాను!"

ఆమె నేల చూపులు చూసింది. "నీ పనికి కొత్తవాడికి మాటిచ్చేశాను, అర్వో. ఇల్లు ఖాళీ చేసుకుని మరీ వస్తున్నాడు."

"రానీ అమ్మాయ్." దొడ్డిలో తానుండే గది పోయింది, కుక్కలూ పోయాయి. అయినా మతి తనదగ్గరే ఉందన్న సంతోషం ముందు అప్పటికి అవేవీ ఆనలేదు.

రోడ్డు మీద చెల్లెలు హారన్ కొట్టింది. అర్వో చేతి తొడుగు ఒకటి తీసి పక్కన పెట్టి, నెట్టీ చెవుల వెనక గోకాడు. అది ఆ తొడుగును కూనలా నోట కరుచుకుని పొట్ట దగ్గరికి చేర్చుకుంది. తీసుకోబోతే గుర్రుమంది. అతని మీద ఎప్పుడూ గుర్రుమనలేదు.

"ఆగు, నేను తీసిస్తా. చలికి వేళ్లు ఊడిపోతాయి," అంది గ్రెచెన్.

"వద్దు, ఉండనీ. ఇప్పుడిప్పుడే పాలు తాగుతోంది."

వట్టి చెయ్యి చంకలో పెట్టుకుని అతను కారు వైపు నడిచాడు. గడ్డిలో ఆ పాత తోలు తొడుగు, నెట్టీ నాకిన తడికి సన్నగా ఆవిర్లు కక్కుతూ ఉంది.