ఉండని రెండేళ్ళ అద్దె

అమ్మేసిన ఇంట్లో సొంతంగా ఎన్నేళ్ళున్నారని పన్ను అధికారి అడిగాడు. దర్జీ అక్క తడుముకోలేదు.

"పదేళ్ళండీ. మేం ఖాళీ చేశాకే ఈ తమ్ముడికి అద్దెకిచ్చాం."

ఆమెకు ఒక పక్క భర్త కూర్చున్నాడు. రెండో పక్క కుర్చీలో బస్సు డ్రైవరు తలూపాడు. సాక్ష్యానికి అతన్ని తనే వెంటబెట్టుకొచ్చింది.

సొంతంగా కాపురమున్న ఏళ్ళకు అమ్మకం లాభం మీద పన్ను పడదు, అద్దెకిచ్చిన ఏళ్ళకు పడుతుంది. ఆ పదేళ్ళూ నిలిస్తేనే బేరమాడిన కుట్టుకొట్టు ఆమె చేతికొస్తుంది. పెళ్ళైంది మొదలు వసారాలోనే మిషను తొక్కుతున్న మనిషికి ఆ కొట్టు మీదే ప్రాణం.

డ్రైవరు ఇంట్లో ఉన్న కాగితాలన్నీ చదవకుండా సంచిలో కుక్కుకొచ్చాడు. అధికారి అందులోంచి ఒకటి పైకి తీశాడు.

"మరి ఇదేంటమ్మా? ఈయన అంతకు రెండేళ్ళ ముందు నుంచే మీ ఇంట్లో అద్దెకున్నట్టు బడికి రాసిచ్చారు. సంతకం మీదేగా?"

ఆమె ఆ కాగితాన్ని గుర్తుపట్టింది. ఆ పేటలో రెండేళ్ళు కాపురమున్నవాళ్ళ పిల్లలకే ఆ బడిలో సీటు. డ్రైవరు బతిమాలితే, పోనీలే పాపం, ఒక సంతకంతో పోయేదేముందని పెట్టేసింది. మంచికి పోతే చెడు ఎదురైంది.

"అది ఉత్తుత్తి కాగితమని చెప్పెయ్," భర్త చెవిలో గొణిగాడు.

చెప్తే పన్ను తప్పుతుంది, కానీ సంగతి బడికి చేరి డ్రైవరు కూతురి సీటు పోతుంది. పిల్లకి వచ్చే నెలే ఆఖరి పరీక్షలు. డ్రైవరు నేలచూపులు చూస్తున్నాడు. అప్పుడు అడిగిన నోరు ఇప్పుడు పెగలదేం? ఆమెకు ఒళ్ళు మండింది. ఆ మంటలోనే, బడి నుంచి వస్తూ తన మిషను దగ్గర ఆగి, కింద రాలిన బొత్తాలు ఏరి రంగుల వారీగా డబ్బాల్లో వేసే పిల్ల గుర్తొచ్చింది.

"సంతకం నాదేనండీ. అప్పటి నుంచే అద్దెకున్నారు."

"అయితే ఆ రెండేళ్ళ అద్దె కూడా మీరు చూపించలేదు. దానికీ పన్ను కట్టాలి."

భర్త కుర్చీ వెనక్కి నెట్టి బయటికి నడిచాడు. కొట్టు పోయిందని ఆమెకు అర్థమైంది. ఏడుపు దిగమింగుకుని, చూపించిన చోటల్లా సంతకాలు పెట్టింది.

మెట్ల దగ్గర డ్రైవరు అడ్డంగా నిలబడ్డాడు. కళ్ళు ఎర్రబడ్డాయి.

"అక్కా, ఆ రెండేళ్ళ అద్దె కొంచెం కొంచెంగా నేనిచ్చుకుంటాను."

తిట్టాలని నోరు తెరిచింది. నవ్వొచ్చింది, వెంటనే కన్నీళ్ళూ వచ్చాయి.

"నువ్వెందుకిస్తావు తమ్ముడూ? ఆ రెండేళ్ళూ మా ఇంట్లో అద్దెకున్నది మేమేగా. పరీక్షలయ్యేదాకా పిల్లకి ఈ మాట తెలియనివ్వకు."