రెండో బంతికి కమ్మటి పెరుగు

వేలంపాట కనబడితే కూర్మారావుకు చెయ్యి ఊరుకోదు. జర్మనీ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, పలాస స్టేషన్‌లో పనిచేసిన రైలు దొర ఒకడు స్వదేశం వెళ్ళిపోతూ ఇంటి సామాను వేలం వేయించాడు. కొబ్బరికాయలు దింపడానికి బండి కట్టుకుని వెళ్ళిన కూర్మారావు, తిరిగొచ్చేటప్పుడు ఆ బండి మీద మనిషి ఛాతీ ఎత్తు చెక్క పెట్టె ఒకటి తెచ్చాడు. లోపలంతా జింకు రేకు, తలుపుకి ఇత్తడి గొళ్ళెం. పై అరలో ఐసు దిమ్మ పెట్టాలి, కింది అరల్లో పాలూ పళ్ళూ పెట్టుకోవాలి, కరిగిన నీళ్ళు వెనకాల గొట్టంలోంచి కిందికి కారాలి. ఐసు మెయిలు బండిలో పలాసకి వస్తుంది. దొరగారి బట్లరు ఇంతవరకు చెప్పింది కూర్మారావు విన్నాడు. ఆ తర్వాత చెప్పింది వినలేదు, ఎందుకంటే అప్పటికే అతను తన ఊరివాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టడం ఊహించుకుంటున్నాడు.

ఆ ఊహ మాత్రం నిజమైంది. ఉద్దానంలోని ఆ ఊళ్ళో, జీడితోటల మధ్య, ఐసు అన్న మాట విన్నవాళ్ళే తక్కువ. కూర్మారావు తల్లి ఎర్రమ్మ పెట్టెకి పసుపు రాసి బొట్టు పెట్టి, తలుపు బార్లా తెరిచి, వచ్చినవాళ్ళకల్లా ఐసు ముట్టుకోమని చెప్పింది. ముట్టుకున్నవాళ్ళు అరిచారు, అరిచి మళ్ళీ ముట్టుకున్నారు. పొద్దు వాలేసరికి దిమ్మ కాస్తా నీళ్ళయిపోయింది. అందరి చేతులూ చల్లబడ్డాయి గాని ఇంట్లో గ్లాసెడు పాలు కూడా చల్లబడలేదు.

ఎర్రమ్మకు ప్రాణం ఉసూరుమంది. ఆవిడ కొబ్బరి చిప్ప కూడా పారెయ్యని మనిషి. కళ్ళ ముందు ఐసు కరిగిపోతుంటే ఎలా ఊరుకుంటుంది? రెండో దిమ్మ వచ్చేసరికి ఆవిడే పూనుకుని దానికి గొంగడి చుట్టబెట్టి పై అరలో పెట్టించింది. గొట్టానికి గుడ్డ దూర్చి బిగించింది, చల్లటి నీళ్ళు కూడా వృథా కాకూడదని. కోడలు వరహాలమ్మకు ఇదేదో తేడాగా తోచింది గాని, అత్త మాటకు ఎదురు చెప్పడం ఆమెకి అలవాటు లేదు.

వరహాలమ్మ గురించి ఒక మాట చెప్పాలి. ఆ చుట్టుపక్కల ఎవరింట్లో శుభకార్యమైనా పులుసు దగ్గర ఆమె నిలబడాల్సిందే. చెయ్యి అలాంటిది. ఆ చేతి గురించి ఆమెకు గర్వం ఉండేది, ఉండాలి కూడా.

అలాంటి ఇంటికి అల్లుడు గోవిందరావు వచ్చాడు. ఎర్రమ్మ కూతురు నూకరత్నం మొగుడు, కోటబొమ్మాళిలో వడ్ల వ్యాపారం, వేళాకోళం ఎక్కువ, మాటపట్టింపు అంతకన్నా ఎక్కువ. అల్లుడికని భావనపాడు నుంచి రొయ్యలు తెప్పించి పెట్టెలో పెట్టారు. పొయ్యి మీంచి దించిన పాయసం వేడివేడిగా వాటి పక్కనే పెట్టారు. ముందురోజు పెరుగు, మూత లేకుండా, కింది అరలో ఉంది. ఐసేమో గొంగడిలో వెచ్చగా పడుకుంది. మర్నాడు మధ్యాహ్నం తలుపు తీస్తే గుప్పున వాసన కొట్టింది. "దొరల పెట్టె అలగే వాసనేత్తాది" అని ఎర్రమ్మ సర్ది చెప్పింది. పెరుగు వడ్డించారు. గోవిందరావు రెండు ముద్దలు తిని మొహం అదోలా పెట్టాడు. ఆ రాత్రంతా అతను పెరట్లోకీ ఇంట్లోకీ తిరుగుతూనే ఉన్నాడు.

తెల్లారాక బండి కట్టించి, అరుగు మీద నిలబడి అందరూ వినేలా చెప్పాడు. "రొయ్యల కంపు కొట్టే పెరుగు అల్లుడికి పెడతారేటి? ఈ ఇంట్లో మళ్ళీ ఎంగిలిసెయ్యి కడిగితే నా పేరు గోవిందరావు కాదు."

అన్నాడంటే అన్నాడే. దాంతో నూకరత్నం రావడం కూడా ఆగిపోయింది. మొగుడు తినని ఇంట్లో తానెలా తింటుంది?

ఎర్రమ్మ కూతురి మీద బెంగ కోడలి మీద కోపంగా మారింది. "పెరుగు నువ్వే గదా వడ్డించినావు. వాసన సూసుకోవా? నా అల్లుడు ఈ ఇంటి పెరుగు తినే దాకా పొయ్యి కాడికి రాకు" అంది. వరహాలమ్మ గరిటె కింద పెట్టింది. ఆ రోజునుంచి ఆమె పని కళ్ళంలో కొబ్బరి ఎండబెట్టడం. ఊళ్ళో వాళ్ళు కూడా పులుసు దగ్గరకు పిలవడం మానేశారు. ఎవరూ ఏమీ అనలేదు, పిలవలేదంతే. ఆ పిలవకపోవడం ఆమెకు చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. ఎర్రమ్మ వంట గురించి కూర్మారావు పైకి ఏమీ అనలేదు గాని, నెల తిరిగేసరికి పంచె ముడి బిగించి కట్టుకోవలసి వచ్చింది.

పెట్టె పశువుల శాల వైపు ప్రయాణం కట్టబోతున్న రోజుల్లో దయామణి వచ్చింది. టెక్కలిలో మిషను బంగళా వంటమనిషి భార్య ఆమె. బంగళాకి కొబ్బరికాయలు కూర్మారావు కళ్ళంలోనే కొనేది. కాయలు ఏరుకుంటూ, తెరిచి ఉన్న వంటింటి తలుపులోంచి పెట్టెను చూసి ఆగింది.

"ఇదిక్కడున్నాదేటక్కా? మా బంగళాలో ఇలాటిదే ఉంది."

వరహాలమ్మ జరిగిందంతా చెప్పుకొచ్చింది. గొంగడి మాట వచ్చేసరికి దయామణి నవ్వాపుకోలేక కొబ్బరిరాశి మీద కూలబడింది.

"ఓలమ్మా! కరక్కుండా కప్పెట్టినారా? ఐసు కరిగితేనే గదక్కా లోపల సల్లబడేది! దార్లో కప్పాల, ఊకలో పెట్టి గోనెలు సుట్టాల. పెట్టెలో ఎట్టేటప్పుడు ఇప్పీయాల. మా ఆయన కూడా మొదట్లో కాగితాలు సుట్టి అమ్మగారి సేత సీవాట్లు తిన్నాడు."

"మరి గొట్టానికి గుడ్డెట్టినాం..."

"అదింకా బాగుంది. నీల్లు నిలవుండి కుల్లిపోవా? గొట్టం వారానికోపాలి పుల్లెట్టి తియ్యాల. సేపలూ రొయ్యలూ మూతగిన్నెలో అన్నిటికన్నా కింద పెట్టాల, పాలకాడికి రానియ్యకూడదు. ఏడి గిన్నె ఎట్టకూడదు, ఆరనిచ్చి ఎట్టాల. అన్నిటికన్నా ముక్కెమైందేటంటే, తలుపు. అది ఊరికే తెరిత్తే ఎంత ఐసైనా సాలదు."

వరహాలమ్మ ఆమెకు ఏరిన కాయల మీద ఇంకో రెండు పెట్టింది. సంతోషం పట్టలేక చేసిన పని అది, కూర్మారావు చూస్తే ఏమంటాడోనని కూడా ఆలోచించలేదు.

ఆ రోజే పెట్టె మీద పడింది. కొబ్బరి ఈనె గొట్టంలో దూర్చి లాగితే గుడ్డ పీలికలు, జిగురు, ఒక రొయ్య తల వచ్చాయి. లోపలి రేకంతా సోడా నీళ్ళతో కడిగి, నిమ్మచెక్కతో రుద్ది, తలుపు తెరిచి ఎండలో ఆరబెట్టింది. పొయ్యి గోడకి ఆనుకుని ఉన్నదాన్ని తీయించి, ఎండ తగలని ఉత్తరపు గదిలో, గోడకి కొంచెం ఎడంగా పెట్టించింది. కాళ్ళకింద నీళ్ళ చిప్పలు పెట్టి చీమల దారి మూసేసింది. మొగుణ్ణి ఒక్క దిమ్మ తెప్పించమని అడిగింది. పోయిన పరువు తిరిగొస్తుందంటే కూర్మారావు దిమ్మేం ఖర్మ, మెయిలు బండినే తోలుకొచ్చేలా ఉన్నాడు.

మొదటి ప్రయత్నం తప్పింది. అత్త కాచిన గేదెపాలు ఆరబెట్టి, తోడుపెట్టి, మూతేసి పెట్టెలో పెట్టింది. పొద్దున్న చూస్తే పాలు పాలలాగే ఉన్నాయి. చల్లగా, తెల్లగా, తోడు మాటే ఎరగనట్టుగా.

"సూసినావా? పాలు కూడా తోడుకోవు. సచ్చిన పెట్టె" అంది ఎర్రమ్మ. ఆ గొంతులో సంతోషం లేదు, పాపం. ఊరి అమ్మవారి సంబరం దగ్గరపడుతోంది, కూతురు ఊరికొచ్చి కూడా గడప తొక్కదేమోనని ఆవిడ దిగులు.

వరహాలమ్మ ఆ పాలగిన్నె ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూచుంది. మూల అన్నం, గంజి పులియబెట్టే తరవాణి కుండ కనబడింది. చలికాలం తరవాణి పులియదని అత్త ఏటా ఆ కుండని పొయ్యి పక్కకి జరుపుతుంది. వేసవి వస్తే తొందరగా పులిసిపోతుందని మళ్ళీ దూరంగా పెడుతుంది. అంటే చలి పులియనివ్వదు. తోడుకోవడమైనా పులియడమే కదా! పెట్టె తన పని తాను చేసింది. తనే దానికి వెచ్చగా ఉండాల్సిన పని అప్పజెప్పింది.

మర్నాడు తోడు బయటే పెట్టింది. గట్టిగా తోడుకున్న వెంటనే, ఇంకా పులుపు ఎక్కకముందే, గిన్నె పెట్టెలోకి చేర్చింది. సాయంత్రం వేలితో తీసి నాలిక మీద వేసుకుంది. వేసుకుని, ఎవరూ లేని గదిలో ఒక్కతే నవ్వింది.

"అత్తా, సంబరం నాడు వంటంతా నువ్వే సెయ్యి. పెరుగొక్కటి నాకొగ్గీ" అని అడిగింది.

"ఎండాకాలం పెరుగు ఎలాగూ పులిసిపోద్ది. నువ్వెడితేటి, నానెడితేటి" అంది ఎర్రమ్మ. ఒప్పుకున్నట్టే.

అమ్మవారి సంబరం నాటికి ఎండలు మండుతున్నాయి. ప్రతి ఇంటికీ చుట్టాలొచ్చారు. నూకరత్నం మొగుడితో వచ్చి, పుట్టింటికి ఎదురుగా ఉన్న కన్నయ్య ఇంట్లో దిగింది. కన్నయ్య నూకరత్నానికి పెదనాన్న వరస. వీధికి అటు కూతురు, ఇటు తల్లి. ఇద్దరూ గుమ్మాల్లో నిలబడి ఒకరినొకరు చూసుకున్నారు, మాట్లాడుకోలేకపోయారు. 

పెరుగు కుండ తెల్లవారుజామునే పెట్టెలోకి వెళ్ళింది. అక్కడినుంచి తలుపు తెరవలేదు. ఐసు చూస్తామని చుట్టాలు వచ్చారు, తెరవలేదు. కూర్మారావు స్నేహితుల ముందు గొప్పకి పోబోయాడు, "ఇప్పుడు కాదు" అని చెయ్యి అడ్డం పెట్టింది. ఎర్రమ్మే ఉండబట్టలేక, "ఒక్కపాలి సూద్దామే, బాగుందో నేదో" అంటే, "సూత్తేనే పాడవుద్ది అత్తా" అంది. పెళ్ళయ్యాక అత్తకి ఆమె చెప్పిన మొదటి ఎదురుమాట అదే. వెనకాల గొట్టంలోంచి చుక్క చుక్కగా నీళ్ళు కారుతుంటే, పని జరుగుతోందనుకుని ధైర్యం తెచ్చుకుంది. అయినా లోపల కుండ ఎలా ఉందో ఆమెకీ తెలియదు.

మొదటి బంతి లేచేసరికి ఊళ్ళో పెరుగులన్నీ పులిసిపోయాయి. రెండో బంతిలో గోవిందరావు కన్నయ్య ఇంట్లో విస్తరి ముందు కూచున్నాడు. పెరుగు వేసుకున్నవాళ్ళు వేసుకున్నట్టే పులుపుకి కళ్ళు మూసుకుంటున్నారు. కన్నయ్య పెళ్ళాం బొడ్డమ్మ పరుగున ఇటొచ్చింది.

"వరహాలూ, మా పెరుగు నోట్లో ఎట్టనేకపోతన్నారు. నీకాడేటైనా ఉందా?"

ఎర్రమ్మ గరిటె చేత్తోనే పొయ్యి దగ్గరినుంచి వచ్చింది. వరహాలమ్మ గొళ్ళెం తీసింది. చల్లటి గాలి మొహానికి తగిలింది. కుండ చెమటలు పట్టి ఉంది. మూత తీసి గరిటె దింపితే పెరుగు ముక్కలుగా లేచింది. ఎర్రమ్మ అరచేతిలో కాస్త వేసుకుని నాకింది.  తన చేతిలోని గరిటె కోడలి చేతిలో పెట్టి, "బేగి ఇయ్యి, అల్లుడు విస్తరి మడిసీగల్డు" అంది.

బొడ్డమ్మ సగం పెరుగు పట్టుకెళ్ళి వడ్డించింది. అత్తా కోడళ్ళు గుమ్మంలోంచి చూస్తున్నారు. గోవిందరావు ఒక ముద్ద తిన్నాడు. ఆగాడు. ఇంకో ముద్ద తిన్నాడు. విస్తరి ముందుకు తోసి, "ఇంకొంచెం ఎయ్యి" అన్నాడు. వేసింది తిని మళ్ళీ చెయ్యి చాపాడు.

"ఈ ఎండలో ఇంత కమ్మటి పెరుగెవరింటిదత్తా?"

బొడ్డమ్మకి దాచడం చేతకాదు. "నీ అత్తోరింటిదే బాబూ. ఆ పెట్టిలోదే" అంది.

బంతి బంతంతా చేతులు ఆపి గోవిందరావు వైపు చూసింది. అతను విస్తరిలో మిగిలిన పెరుగు వంక చూశాడు. ఒక్క మెతుకు వదలకుండా ఊడ్చుకు తిన్నాడు. ఆ తర్వాత లేచాడు. కన్నయ్య నీళ్ళ చెంబు అందించబోతే వద్దన్నాడు. ఎంగిలిచెయ్యి ముందుకు పట్టుకుని, ఊరంతా చూస్తుండగా, వీధి దాటి అత్తవారి వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"సెల్లెమ్మా, నీల్లు పొయ్యి. ఈ ఇంట్లోనే కడుగుతాను. నేటినుంచి నా పేరు ఏటి పెడతారో మీ ఇట్టం!"

నవ్వులు వీధి చివర దాకా వినిపించాయి. వరహాలమ్మ చెంబు వంచుతుంటే కళ్ళు నిండాయి, సగం నీళ్ళు అతని కాళ్ళ మీద పడ్డాయి. వెనకాలే పరుగెత్తుకొచ్చిన నూకరత్నం తల్లి మెడ పట్టుకుని వదల్లేదు. కూర్మారావు మాత్రం ఆ పెట్టె తానే తయారు చేసినట్టు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

బొడ్డమ్మ అప్పుడే అడిగేసింది. "మా సిన్నదాని పెల్లికి పులుసుకాడ నువ్వుండాల వరహాలూ, ముందే సెప్పీసినాను!"

గోవిందరావు చెయ్యి తుడుచుకుని లోపలికి నడిచాడు. "ఏదీ, ఆ పెట్టి ఓపాలి తెరిసి సూపించు సెల్లెమ్మా" అన్నాడు.

వరహాలమ్మ గొళ్ళెం మీద చెయ్యి వేసింది. వేసి, తియ్యలేదు. ఇంటల్లుడు, ఇప్పుడే అలక తీరినవాడు, అతన్ని ఎలా కాదంటుంది? అత్త వైపు చూసింది.

ఎర్రమ్మ కూతుర్ని వదిలించుకుని గబగబా వచ్చి పెట్టె తలుపుకి వీపు ఆనించి నిలబడింది.

"తియ్యదు బాబూ. లోపల రాత్రికి పెరుగుంది" అంది. "మా కోడలు ఒప్పుకోదు."