తోమి ఇచ్చిన స్టవ్వు

ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే: డాబా మీద బట్టలు ఆరేసి కిందికి దిగేసరికి, వంటగది గోడ పక్కన నిద్రపోతున్న బిడ్డ ఇక లేవదేమోనని.

బల్లి అరిచినా ఉలిక్కిపడే మనిషే, కాదనడానికి లేదు. "నీ గుండెకాయ కోడిగుండెకాయే తల్లీ" అని అత్త ఎగతాళి చేసేది. కానీ ఈ భయం మాత్రం ఊరికే పుట్టలేదు. స్టవ్వు పుట్టించింది.

ఆ స్టవ్వు కొని ఏడాదైనా తిరగలేదు. రెండు బర్నర్లది, కొత్తలో మొహం చూసుకునేంత మెరుపు. కొన్నాళ్లకే ఎడమవైపు నాబ్ పాలపన్నులా ఊగడం మొదలెట్టింది. తర్వాత అసలు రోగం బయటపడింది. చల్లగా ఉన్నప్పుడు కొత్తల్లుడంత బుద్ధిగా ఉండేది. వంటంతా అయ్యి బాగా వేడెక్కాక కట్టేస్తే మంట ఆరిపోయేది గానీ గ్యాస్ ఆగేది కాదు. సన్నగా, చప్పుడు లేకుండా కారుతూనే ఉండేది.

ఒకరోజు ఎడమది ఆర్పి కుడిది వెలిగించబోతే ఎడమ నాబ్ కింద భగ్గుమంది. చంకలో పిల్ల. ఆమె ముంజేతి మీద వెంట్రుకలు మాడాయి. స్టీలు రేకు మీద అరచేతి మేర నల్లటి మచ్చ పడింది. ఆ రోజు నుంచి వంట కాగానే సిలిండర్ దగ్గరే కట్టేయడం, కట్టేశానా లేదా అని మళ్లీ చూడటం.

"కట్టేశావా అత్తా?"

"కట్టేశానే."

ఆమె వెళ్లి చూసేది.

"నా మాట నమ్మనప్పుడు నన్నడగడం దేనికే? నేరుగా ఆ సిలిండర్‌నే అడుగు!"

అత్త మతిమరుపు మనిషి. కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికే రకం. అందుకే ఆమె మెట్ల మీద సగంలో ఆగి, తడిబట్టల బకెట్టుతోనే వెనక్కి వచ్చేది.

"గ్యారంటీ ఏడాది కదా, ఇంకా తీరలేదు" అన్నాడు భర్త. గోదాములో బస్తాలు దించే పని అతనిది, మాటలు తక్కువ. "మార్చమని అడుగుదాం. మనమేం అడుక్కోవడం లేదు."

బయలుదేరబోతుంటే అత్త అడ్డం వచ్చింది. "ఈ మసిమొహంతోనే తీసుకెళ్తారా? ఇల్లాలి సంగతి పొయ్యి చూస్తే తెలుస్తుందంటారు. పదిమందిలో పరువు పోతుంది."

నిజమే అనిపించింది ఆమెకు. చదువు ఎలాగూ మధ్యలోనే ఆగిపోయింది, పనిమంతురాలన్న పేరైనా ఉండాలి కదా. పీచు, సబ్బుపొడి తీసుకుని కూర్చుంది. బర్నర్ల సందుల్లో సూదితో గీకింది. నాబ్ కింద నల్లమచ్చను చేతులు మండేదాకా రుద్దింది. స్టవ్వు కొన్నరోజు ఎలా ఉందో అలా తయారైంది.

షాపు ఓనరు తేనె పూసిన మాటల మనిషి. మెకానిక్‌ని పిలిచి చూడమన్నాడు. మెకానిక్ గొట్టం తగిలించి వెలిగించాడు, కట్టేశాడు, నాబ్ చుట్టూ సబ్బునురగ రాశాడు. ఒక్క బుడగ లేవలేదు.

"మంట లేచిందన్నారు. ఎక్కడమ్మా కాలిన గుర్తు?"

ఆమె వంగి చూసింది. రేకు మీద తన మొహమే కనిపించింది.

"నేనే... తోమేశానండి."

ఓనరు పకపకా నవ్వాడు. "దొంగతనం జరిగిందని చెప్పి వేలిముద్రలు మీరే తుడిచేసుకొచ్చారా!"

కొనడానికి వచ్చినవాళ్లూ నవ్వారు. భర్త చెవులు ఎర్రబడ్డాయి. "వేడెక్కాక కారుతుందండీ, కాసేపు వెలిగించి ఉంచండి" అని ఆమె గొణిగింది. "ఇది షాపమ్మా, వంటశాల కాదు" అన్నాడు ఓనరు.

రెండోసారి వెళ్తే చూద్దామన్నాడు. మూడోసారి పక్క వాటాలో బట్టలు కుట్టే ఆవిడ తోడొచ్చింది. చేతిలో కత్తెర ఉన్నా లేకపోయినా మాట కత్తిరించినట్టు ఉంటుందని వీధంతా ఆవిడను కత్తెరక్క అంటారు.

"ఏమయ్యా, అమ్మేటప్పుడు అక్కా, చెల్లీ! చెడిపోయిందంటే మేమెవరో గుర్తుండదా?" షాపు నిండా జనం ఉండగా అందుకుంది కత్తెరక్క. "గ్యారంటీలో ఉన్నది పాడైతే బాగుచేయాలి. లేదంటే మార్చాలి, అదీ కాదంటే డబ్బు తిరిగివ్వాలి. వినియోగదారుల కోర్టుకు దారి మాకూ తెలుసు."

ఓనరు కళ్లు కొనేవాళ్ల మొహాల మీదికి పోయాయి. "అయ్యో, దానికింత గొడవెందుకమ్మా! పాతది ఇక్కడ పెట్టేసి కొత్తది తీసుకెళ్లండి."

తీసుకెళ్లారు. ఆ రోజు ఆమె డాబా మీద బట్టలన్నీ ఆరేసింది, పిట్టగోడ పట్టుకుని కాసేపు గాలికి నిలబడింది కూడా. పాతదాన్ని వాళ్లేం చేస్తారని అడగాలన్న ఆలోచనే రాలేదు.

కొన్నాళ్లకు లైటర్ కొందామని అదే షాపుకు వెళ్లింది. మెకానిక్ నవ్వి పలకరించాడు. మాటల్లో మాటగా పాత స్టవ్వు ఏమైందని అడిగింది.

"అదా? మర్నాడే అమ్ముడుపోయింది. షోకేసులో పెట్టిన పీసని చెప్పి, రేటు తగ్గిస్తామన్నారు. అద్దంలా ఉందిగా, చూడగానే తీసేసుకున్నారు."

ఆమె చేతిలోని లైటర్ బల్ల మీద పెట్టేసింది. "బాగుచేసే అమ్మారా?"

"తప్పు దొరికితే కదా బాగుచేయడానికి!"

"ఎవరు కొన్నారన్నా?"

"చంకలో చంటిపిల్ల ఉంది. అంతకుమించి గుర్తులేదమ్మా. బిల్లు కూడా రాయలేదు."

ఓనరును అడిగితే తేనె కాస్తా విషమైంది. "మీది మీకు మార్చామా లేదా? ఊళ్లో పొయ్యిలన్నీ మీకెందుకు?"

కత్తెరక్కను తీసుకుని వినియోగదారుల ఆఫీసుకూ వెళ్లింది. అక్కడ గుమాస్తా మంచివాడే, కుర్చీ చూపించి మొత్తం విన్నాడు. "మీకు కొత్తది వచ్చేసింది. ఇక మీకు నష్టమేముంది? నష్టపోయినవాళ్లు వచ్చి ఫిర్యాదు ఇవ్వాలమ్మా."

"నష్టపోయాక వాళ్లు వస్తారాండీ?"

గుమాస్తా బల్ల మీద కాగితాలు సర్దుకున్నాడు.

ఇంటికొచ్చి అత్తకు చెప్పింది. "తోమమని నేనే అన్నాను" అంది అత్త. తర్వాత పిల్లను ఒళ్లోకి తీసుకుంది. "నువ్వెళ్లి వెతుకు. సిలిండర్ కట్టేశాను. చూసుకునే వెళ్లు, నన్ను నమ్మొద్దు."

ఆమె చూసుకునే వెళ్లింది. అప్పట్నుంచి వంట ముగించే వేళల్లో ఒక్కో వీధీ తిరుగుతోంది. చంటిబట్టలు ఆరేసి ఉన్న గుమ్మాల ముందు ఆగుతుంది. "కొత్తగా స్టవ్వు కొన్నారా అక్కా?" అని అడుగుతుంది. కొందరు ఏదో అమ్మడానికొచ్చిందనుకుని తలుపేసుకుంటారు. కొందరు మతి చెడిందనుకుంటారు. ఒకావిడ మాత్రం లోపలికి పిలిచి చూపించింది. అది కాదు. ఇంకా దొరకలేదు.

దానికి ఒక గుర్తుంది. వెనక ఎడమకాలి రబ్బరు ఊడిపోతే భర్త ఆకుపచ్చ సీసామూత తొడిగాడు. ఎంత తోమినా అది పోలేదు. మీ వీధిలో, మీ మెట్ల కింద వాటాలో, చంటిపిల్ల ఉన్న ఏ ఇంట్లోనైనా రెండు బర్నర్ల స్టవ్వు కొత్తదానిలా మెరుస్తుంటే ఒకసారి వంగి ఆ కాలు చూడండి. ఆకుపచ్చ మూత కనబడితే సిలిండర్ కట్టేయించి, ఎడమ పొయ్యి వెలిగించవద్దని ఆ తల్లికి చెప్పండి. ఏమన్నా అననివ్వండి. ఆవిడ తలుపు తీయకపోతే మాత్రం అక్కడి నుంచి కదలకండి, కిటికీలోంచైనా గట్టిగా పిలవండి. పిల్ల లేచిందో లేదో చూసి రండి.